కొల్లేటి హద్దు - శాసనాధికారము

ఏలూరునుండి తాడేపల్లిగూడెము పోవు రైలుబండిలో దక్షిణపు కిటికీ ప్రక్కన కూర్చున్నచో పచ్చని వరిచేలు కనబడును. ఆ చేలకావల, కంటికి ఆననంత దూరమున, కొల్లేరు కలదు. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమనున్న ఈ మంచినీటి సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు వచ్చి చేరును. ఉప్పుటేరు దాని నీటిని సముద్రమునకు కొనిపోవును. ఎంతవరకు సరస్సు, ఎచ్చటనుండి పొలము అను ప్రశ్న లంకవాసులకు బ్రతుకుతెరువు ప్రశ్న. దానిని తేల్చవలసినవారెవరు? పార్లమెంటా, రాష్ట్ర శాసనసభయా, న్యాయస్థానమా? సమాఖ్య రాజ్యములో శాసనాధికారము ఎట్లు పంచబడినదో తెలిసికొనుటకు మనకు ఇంతకన్న దగ్గరి ఉదాహరణము లేదు.

ముందుగా ఆ పంపకమును గూర్చి రెండు మాటలు. బ్రిటిషు పాలనలో శాసనసభ ఆమోదించిన బిల్లునకు గవర్నరు సమ్మతి కావలసియుండెను. కొన్ని బిల్లులు గవర్నరు జనరలు వరకు పోయెడివి. వారు సమ్మతించిన చట్టమునుగూడ త్రోసిపుచ్చు అధికారము రాజునకుండెను. 1950 జనవరి 26న మన రాజ్యాంగము అమలులోనికి వచ్చుటతో కిరీటము పోయినది గాని, సమ్మతియను పద్ధతి నిలిచినది. రాష్ట్రపతి పార్లమెంటులో ఒక భాగము. గవర్నరు రాష్ట్ర శాసనవ్యవస్థలో ఒక భాగము. ఇక విషయముల పంపకమునకు కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అని మూడు జాబితాలు కలవు. భూమి, నీరు, మత్స్యపరిశ్రమ రాష్ట్ర జాబితాలోనివి. అడవులును, వన్యప్రాణుల రక్షణయును మొదట రాష్ట్రములవే.

అట్లయినచో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును పార్లమెంటు ఎట్లు చేయగలిగినది? రాష్ట్రములు కోరినందున. రెండుగాని అంతకెక్కువగాని రాష్ట్రముల శాసనసభలు తీర్మానించి కోరినచో, రాష్ట్ర విషయముపైననుసరే పార్లమెంటు చట్టము చేయవచ్చునని రాజ్యాంగములోని 252వ అధికరణము చెప్పుచున్నది. ఆ విధముగ తీర్మానించిన 11 రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయితే ఆ అధికరణములోనే ఒక షరతు కలదు. అట్లు పుట్టిన చట్టమును మార్చునది పార్లమెంటే. కోరిన రాష్ట్రపు శాసనసభ మార్చజాలదు. 1976లో 42వ సవరణ అడవులను, వన్యప్రాణి రక్షణను ఉమ్మడి జాబితాకు మార్చినది. అటుపిమ్మట ఈ విషయములలో పార్లమెంటు రాష్ట్రముల కోరికకై ఎదురుచూడనక్కరలేకపోయినది.

ఇక కొల్లేటి సంగతి. 1970లలో ప్రభుత్వమే సహకార సంఘముల ద్వారా మత్స్యకారులకు చేపల చెరువులు త్రవ్వించినది. తరువాత పెట్టుబడిదారులు వచ్చిరి; గట్లు పెరిగినవి; వరదనీరు పారు దారులు ఇరుకైనవి. 1999లో రాష్ట్ర ప్రభుత్వమే, 1972 చట్టమును అనుసరించి, ఐదవ కాంటూరు వరకుగల 308 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును అభయారణ్యముగా ప్రకటించినది. అందులో జిరాయితీ భూములును ఉన్నవి. అప్పటి నిబంధన ప్రకారము అభయారణ్యపు హద్దు మార్చవలెనన్న రాష్ట్ర శాసనసభ తీర్మానము కావలెను. 2002 నాటి సవరణ, 2003లో అమలునకు వచ్చి, ఆ తీర్మానము స్థానమున జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసును నిలిపినది. అంతకు ముందే, 2000 నవంబరులో, తన ఆజ్ఞ లేనిదే ఏ అభయారణ్యమును రద్దుపరచరాదని సుప్రీంకోర్టు ఉత్తరువు చేసియుండెను. 2006లో అదే న్యాయస్థానపు ఆదేశముపై అభయారణ్యములోని చేపల చెరువుల గట్లను అధికారులు తెగగొట్టించిరి.

2008లో హద్దును ఐదవ కాంటూరునుండి మూడవ కాంటూరునకు తగ్గింపవలెనని రాష్ట్ర శాసనసభ తీర్మానించినది. ప్రజాప్రతినిధుల మాట అది. లంకగ్రామముల బాధ అందులో పలికినది. కాని తీర్మానము వేరు, చట్టము వేరు. తీర్మానము గవర్నరు సమ్మతికి పోదు. చట్టమువలె అమలు కాదు. కొన్ని సంవత్సరములకు పూర్వమైనచో హద్దు మార్పునకు ఆ తీర్మానమే తాళపుచెవి. 2008 నాటికి తాళము మారినది. ప్రతిపాదన ఢిల్లీకి పోయినది. 2010లో కేంద్రము డాక్టర్ పి. ఎ. అజీజ్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించినది. హద్దు తగ్గింపరాదని ఆ సంఘము అభిప్రాయపడినది.

ఒకే శాసనవ్యవస్థ ఒక తీర్మానముతో అధికారమును అప్పగించినది; మరియొక తీర్మానముతో, కొల్లేటి మేరకైనను, తన మాట చెల్లవలెనని కోరినది. మొదటిది చెల్లినది, రెండవది చెల్లలేదు. దీనిని రాష్ట్రమునకు జరిగిన అవమానముగా కొందరు భావింతురు. మేము అట్లు తలపము. పక్షులకును, వరదనీటికిని రాష్ట్రపు ఎల్లలు తెలియవు. ఒక ఎన్నికనాటి ఉద్రేకమున మారిపోని హద్దు కొన్నిటికి ఉండవలెను. అయినను మరియొక పక్షము కలదు. ప్రభుత్వము మాట నమ్మి చెరువు త్రవ్వుకొనిన బీద మత్స్యకారుడు, ప్రభుత్వమే ఆ గట్టు తెగగొట్టగా ఎచ్చటకు పోవలెను? న్యాయస్థానము గట్టును తీయుమనగలదు. నష్టపరిహారమునకు బడ్జెటును ఆమోదింపజాలదు, ప్రత్యామ్నాయ వృత్తిని చూపజాలదు. ఆ పని మంత్రివర్గముది, శాసనసభది. భూమియు, మత్స్యపరిశ్రమయు నేటికిని రాష్ట్ర జాబితాలోనే ఉన్నవి. హద్దు మార్చు అధికారము చేజారినను, హద్దులోపలి మనుష్యుని ఆదుకొను అధికారము చేజారలేదు.

కావున లంకవాసులు తమ ప్రతినిధులను అడుగవలసిన ప్రశ్న "హద్దు మార్తురా?" అని మాత్రమే కాదు. "మార్చకయే మీ చేతిలోనున్నదానితో మాకేమి చేయుదురు?" అనికూడ అడుగవలెను. మొదటి ప్రశ్నకు వారు ఢిల్లీని చూపింపగలరు, రెండవదానికి చూపజాలరు.