సంచి మోసే పిల్లవాడు



అల్లాహ్‌ను స్తుతించి, ఆయన ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై దరూద్ పంపి, ఈ జుమా నాడు ఒక విషయాన్ని మీ ముందుంచుతున్నాము.

మొన్న అస్ర్ నమాజు ముగించుకొని వస్తుండగా, మద్యం దుకాణం ఎదుట ఆగి ఉన్న మోటారు సైకిలుపై పదిహేనేళ్ల పిల్లవాడు కిరాణా సంచి ఒడిలో పెట్టుకొని కూర్చొని ఉన్నాడు. తండ్రి వచ్చి, కాగితం చుట్టిన సీసాను అదే సంచిలో, పప్పు పొట్లానికీ నూనె ప్యాకెట్టుకూ నడుమ దూర్చాడు. పిల్లవాడు మమ్మల్ని చూసి సలాం చెప్పి తల దించుకొన్నాడు. మేము జవాబిచ్చి ముందుకు సాగిపోయాము. ఆ తండ్రితో ఒక్క మాట అనలేకపోయాము. కనుక ఈ ప్రసంగం మొదట మాకే.

బ్రిటన్‌లో సూపర్ మార్కెట్లు పాలు, రొట్టెలతో పాటు మద్యమూ అమ్ముతాయి. అయినా పక్కనున్న పిల్లవాడి కొరకే కొంటున్నారన్న అనుమానం కలిగితే, తండ్రికి సైతం సీసా ఇవ్వడానికి నిరాకరిస్తాయి. మద్యాన్ని నిషిద్ధంగా భావించని సమాజమే పిల్లవాడి ఉనికిని అంతగా లెక్కిస్తున్నది. నిషిద్ధమని నమ్మిన మనము లెక్కించవద్దా?

మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మరాదు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రగిల్చిన ఉద్యమం ఫలితంగా 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో అది సడలిపోయింది. 2019 అక్టోబరులో ప్రభుత్వమే దుకాణాలు చేపట్టింది. 2024 అక్టోబరులో అవి మళ్లీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి, 99 రూపాయలకే క్వార్టర్ సీసా వచ్చింది. విధానాలు మారుతూనే ఉంటాయి. మాయిదా సూరాలోని 90వ ఆయతు ఆదేశం మారదు.

మన ప్రాంతం నుండి ఎందరో కువైట్ వెళ్లారు. అక్కడ మద్యం అమ్మకం చట్టవిరుద్ధం. అక్కడ ఏళ్ల తరబడి ముట్టనివాడు ఇక్కడికి వచ్చిన వారానికే దుకాణం వెతుక్కొంటే, ఇన్నాళ్లూ అతడు భయపడింది అల్లాహ్‌కా, పోలీసులకా?

"నేను తాగను, మిత్రుని కొరకు తెచ్చాను" అనేవారూ ఉన్నారు. మద్యం విషయంలో దైవప్రవక్త (స) శపించిన పదిమందిలో తాగేవాడే కాదు. అమ్మేవాడు, కొనేవాడు, మోసేవాడు కూడా ఉన్నారు. సోదరులారా, సంచి మోసే పిల్లవాడు ఏమి చేయగలడు? మోయించేవాడే జవాబు చెప్పుకోవాలి.

హజ్రత్ అనస్ (రజి) నవయవ్వనంలో, అబూ తల్హా (రజి) ఇంట అతిథులకు మద్యం అందిస్తున్నారు. నిషేధం వచ్చిందని వీధిలో చాటింపు వినిపించింది. అబూ తల్హా (రజి) వెంటనే దానిని పారబోయమని అనస్‌కు చెప్పారు. మదీనా వీధుల్లో మద్యం పారింది. మిగిలినది తాగి రేపటి నుండి మానుదామని ఆ ఇంటి పెద్దలు అనలేదు. ఆ యువకుడు పెద్దల విధేయతను కళ్లారా చూశాడు. మన పిల్లలు మనలో ఏమి చూస్తున్నారు?

ఈ వ్యసనంలో చిక్కుకొన్న సోదరుడెవరైనా ఉంటే, ఇషా తర్వాత ఏకాంతంగా మా వద్దకు రండి. మీ మాట మసీదు గడప దాటదు. తౌబా ద్వారం తెరిచే ఉంది. వైద్యం అవసరమైతే ఆసుపత్రికి మేమే తోడు వస్తాము. ఈసారి ముఖం తిప్పుకొని సాగిపోము.

మన పిల్లల చేతుల్లోని సంచులను అల్లాహ్ హలాల్‌తో నింపుగాక! ఆమీన్.