కణంలోని జడచుట్టు

నిన్నమొన్నటిదాకా విశాఖ జిల్లాలో ఉండి, 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరం పరిసరాలలో చెరకు రైతుకు జడచుట్టు సంగతి వేరే చెప్పనక్కరలేదు. తోట ఎదిగిన పిమ్మట, అడుగునున్న ఎండుటాకులను మెలివేసి, ప్రక్కప్రక్క గడలను కలిపి చుట్టుతాడు. ఒంటి గడ తుఫాను గాలికి వంగి నేలపాలవుతుంది. చుట్టిన గడలు నిలుస్తవి. ఈ సూత్రమే మన శరీర కణాలలోనూ పనిచేస్తున్నదంటే శ్రోతలు ఆశ్చర్యపడవచ్చును.

కణం కేవలం నీటితిత్తి కాదు. దానికి ఆకారమిచ్చే పంజరమొకటి లోపల ఉన్నది. అందులో ఆక్టిన్ పోగులు త్రాళ్లవలె లాగి పట్టుతవి. సూక్ష్మనాళికలు గడలవలె ఒత్తిడిని భరిస్తవి. (మూడవ జాతి పోగులు కూడ కలవు; వాటిని నేటికి విడిచిపెడదాము.) నాళిక వెడల్పు 25 నానోమీటర్లు, 40,000 నాళికలను ప్రక్కప్రక్కన పేర్చితే ఒక మిల్లీమీటరు.

గడలు, త్రాళ్లు కలిసిన ఈ పందిరి నమూనాను కణానికి అన్వయించినవారు అమెరికా శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ ఇంగ్బర్. నమూనా ముచ్చటైనదే, కాని ఒక చిక్కు వచ్చినది. సన్నని నిలువుకొయ్య ఎంత బరువుకు వంగుతుందో 18వ శతాబ్దిలోనే ఆయిలర్ లెక్కగట్టినాడు: పొడవు రెండింతలైతే, భరించే బరువు నాలుగవ వంతుకు పడిపోతుంది. ఆ లెక్కన పొడవైన నాళిక అతిస్వల్పమైన ఒత్తిడికే విల్లువలె వంగిపోవలె. అట్టిది గడ ఎట్లు కాగలదు?

2006లో ఇంగ్బర్‌తో సహా కొందరు శాస్త్రజ్ఞులు దీనికి సమాధానం చెప్పినారు. సజీవకణంలో నాళిక ఒకే పెద్ద విల్లుగా కాక, పాము నడకవలె చిన్నచిన్న అలలుగా వంగుతున్నది. చుట్టునున్న పోగుల వల దానిని ప్రక్కనుండి పట్టి ఉంచుటయే కారణం. ప్లాస్టిక్ కడ్డీని జెలటిన్ ముద్దలో ఉంచి నొక్కినా అదే తీరు కనిపించినది. ఒంటి నాళికకన్న నూరురెట్ల ఒత్తిడిని ఇది ఓర్చగలదని వారి లెక్క. జడచుట్టు మహిమ ఇదే కదా!

అయితే ఉపమానానికి హద్దున్నది. చెరకు గడ కోతవరకు గడగానే ఉంటుంది. నాళిక మాత్రం ట్యూబులిన్ అనే మాంసకృత్తు తునకలతో పెరుగుతూ, చటుక్కున విడిపోతూ, మరల కట్టుకొంటూ ఉంటుంది. మిచిసన్, కిర్ష్‌నర్ అనువారు 1984లో ఈ సంగతి వెల్లడించినారు. బలాన్ని లెక్కించి, ఈ కూలిలేచే గుణాన్ని విడిచిన నమూనా నా దృష్టిలో సగం నమూనాయే. ఎందువల్లనంటే, మందు పనిచేసే చోటు అదే.

మన పెరళ్లలో పూచే బిళ్లగన్నేరు ఆకులలో అతిస్వల్పంగా దొరికే విన్‌క్రిస్టిన్, పిల్లలకు వచ్చే రక్తపు క్యాన్సరుకు వాడే మందు. అది ట్యూబులిన్ తునకలను పట్టుకొని, నాళిక కట్టుకొనకుండా చేస్తుంది. విభజనకు సిద్ధపడిన కణం అక్కడనే ఆగిపోతుంది. ఇది సూదిద్వారా కొలతతో ఇచ్చే మందు. ఆకు కషాయం కాచి త్రాగించుట దీనికి బదులు కాదు, ప్రమాదము కూడ. అయితే వెన్నునుండి కాలివ్రేళ్లదాకా సాగే నరాలలో సరుకులు సాగే దారులు కూడ ఈ నాళికలే. కనుక ఈ మందు పొందే బిడ్డకు చేతులు, కాళ్లు తిమ్మిరెక్కవచ్చును, మడమలపై నడవలేకపోవచ్చును. తల్లిదండ్రులు ఆ సంగతి గమనించిన వెంటనే వైద్యునికి చెప్పవలె. మోతాదు సవరించుట ఆయన చేతిలో ఉన్నది.