నల్లా దగ్గర మొదలయ్యే పంటి వైద్యం

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతికి అంకితమో ఆ మాస్టారు జీవితమంతా బడిపిల్లల మధ్యే గడిపారు. అందుకే పిల్లల పండ్ల గురించే మాట్లాడతాను.

ఫ్లోరోసిస్ వచ్చిన ముందరి పన్నును ఒకసారి మంచి వెలుతురులో చూడండి. సుద్ద పూసినట్టు తెల్లటి మచ్చలు, అడ్డంగా సాగిన గీతలు ఉంటాయి. తీవ్రమైతే గోధుమరంగు తేలి, అక్కడక్కడా గుంటలు పడతాయి. కుడివైపు పన్ను ఎలా ఉందో ఎడమవైపు జత పన్నూ దాదాపు అలాగే ఉంటుంది. ఎందుకంటే అది బయటినుంచి పట్టిన గార కాదు. పన్ను ఇంకా దవడలోనే తయారవుతున్నప్పుడు తాగిన నీళ్లు ఎనామెల్‌ను అలా చేశాయి. ముందరి శాశ్వత దంతాల పైభాగం నాలుగైదేళ్ల లోపే తయారైపోతుంది, అవి చిగురు దాటి బయటికొచ్చేది ఆరేడేళ్లకు. మచ్చ కంటబడే నాటికే నష్టం జరిగిపోయి ఉంటుంది. బొగ్గుతో, ఇటుక పొడితో ఎంత రుద్దినా మచ్చ పోదు, పన్ను మాత్రం అరుగుతుంది. డాక్టరు దగ్గర తెల్లగా చేయించుకోవచ్చు, తొడుగు వేయించుకోవచ్చు. కూలికి పోయే ఇంట్లో ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తారు? నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుని బతికిన ఆడపిల్లలు మన ఊళ్లలో ఎంతమందో!

అమెరికాలో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌కు వచ్చి ఇవే మచ్చలు చూశాడు. మచ్చలకు మందు వెతకడం కంటే కారణం వెతకడం ముఖ్యమనుకుని, ఏళ్ల తరబడి తాగునీటి వెంట పడ్డాడు. చివరికి 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త నీటిలోని ఫ్లోరైడే కారణమని పట్టుకున్నాడు. నాకు మెకే ఆదర్శప్రాయుడు. మన దగ్గర 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో షార్ట్ బృందం ఫ్లోరైడ్ ఎముకలను సైతం వంచుతుందని చూపింది. అదే ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర ఉంటే పిప్పిపండ్లను తగ్గిస్తుందని 1945లో అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ పట్టణం నీటిలో కలపడం మొదలుపెట్టింది. మన గ్రానైట్ నేలలో బోరు నీళ్లకు అది కలపాల్సిన పని లేదు, తీసెయ్యాల్సిన పనే.

తీసెయ్యడానికి పుట్టిందే నల్లగొండ టెక్నిక్. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించారు. నీళ్లలో పటిక, సున్నం కలిపి, తిప్పి, తేర్చి, పైనున్న తేట వంచుకోవాలి. మన జిల్లా పేరుతో ప్రపంచమంతా తెలిసిన పద్ధతి అది. కానీ ఇళ్లలో నిలవలేదు. పొద్దున లేచి చేనుకు పోవాల్సిన తల్లి రోజూ పటిక కొలవాలి, తేరేదాకా ఆగాలి, అడుగున మిగిలిన మడ్డి ఎక్కడో పారబోయాలి. ఆమెది నిర్లక్ష్యం అనడానికి నాకు నోరు రాదు. నివారణ పేరుతో ఇంటి ఇల్లాలి నెత్తిన ఇంకో పని పెడితే అది నాలుగు రోజుల ముచ్చటే అవుతుంది. నివారణ పైపులోనే జరిగిపోవాలి.

అది జనానికి ముందే తెలుసు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీకి దిగారు. దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి నీళ్ల గోస దేశానికి వినిపించడానికి ఎంచుకున్న దారి అది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది! ఆ తర్వాత కృష్ణా నీళ్లు, మిషన్ భగీరథ పథకం నల్లాలు వచ్చాయి. దంతవైద్యంలో ఇంతకంటే పెద్ద పని ఏ ఆస్పత్రీ చేయలేదని నా నమ్మకం.

అయినా మన వైద్యవిధానం ఇంకా కుర్చీ దగ్గరే ఆగి ఉంది. నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో దంతవైద్య కళాశాలలున్నాయి. నొప్పి వచ్చాక పోతే పన్ను పీకుతారు, సిమెంటు నింపుతారు. ఆరేళ్లకు వెనకవైపు వచ్చే దవడపన్నును పాలపన్నే అనుకుని వదిలేసే తల్లిదండ్రులకు, అది జన్మంతా ఉండాల్సిన పన్ను అని బడిలో చెప్పేవాళ్లు తక్కువ. అది పుచ్చకుండా దాని గీతల్లో పూత వేయడానికి ఇంజెక్షన్ అక్కర్లేదు, నొప్పి ఉండదు. ప్రపంచంలో 350 కోట్ల మందికి నోటి జబ్బులున్నాయని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పింది. అందరికీ కుర్చీలు వేయగల దేశం ఏదీ లేదు.

దంతవైద్య విద్యార్థులను నేను కోరేది ఒక్కటే. భగీరథ నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలకు ఇప్పుడు ముందరి పండ్లు వస్తున్నాయి. ఎనామెల్ ఒకసారి ఏర్పడితే మళ్లీ మారదు, చిన్నప్పుడు తాగిన నీళ్ల లెక్క దాని మీద రాసే ఉంటుంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు బడుల్లో మూడో తరగతి పిల్లల పండ్లు చూడండి. పాలమూరు నుంచి వలసపోయి వచ్చిన కుటుంబాల పిల్లలనూ చూడండి. వాళ్లు ఏ ఊళ్లో ఏ నీళ్లు తాగారో అడగండి. కొత్తగా మచ్చలున్న పిల్లలు తేలితే, ఇంట్లో నల్లా నీళ్లే తాగుతున్నారా, చేనుకాడ బోరు నీళ్లా, వంటకు ఏవి వాడుతున్నారో తెలుసుకోండి. ఆ జాబితాను ఆస్పత్రికి పంపినంత శ్రద్ధగా మంచినీటి ఇంజనీరుకూ పంపండి.