ఓడపెట్టెలో పుస్తకములు
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన పాత తెలుగు పుస్తకములకును, పిల్లల వడ్రంగపు పనికిని చోటు చాలకున్నది. ఓడలపై సరకు వచ్చు ఇనుప కంటెయినరు నొకదానిని కొని ఆవరణలో నుంచవలెనని కొందరు సూచించినారు. చెన్నై రేవు చేరువనే యున్నది. వాడి విడిచినవి దొరకును.

1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్లీన్ అను అమెరికా లారీల వ్యాపారి 58 పెట్టెలను 'ఐడియల్ ఎక్స్' ఓడపై హ్యూస్టనుకు పంపెను. నేటి 20 అడుగుల పెట్టెలో దాదాపు 33 ఘనమీటర్ల చోటు కలదు. బరువంతయు మూల స్తంభములే మోయును గాన నాలుగు దిమ్మెలు చాలును.

అయితే పుస్తకములకు వానకంటె లోపలి చెమ్మయే శత్రువు. తడిగాలి రాత్రి చల్లబడిన రేకును తాకి బొట్లుబొట్లుగా రాలును. ఎదురెదురుగా గాలిరంధ్రములును, పైన నీడయు వలయును. తాటాకు పందిరి చౌకయే. కాని 2004లో కుంభకోణము పాఠశాలలో పూరికప్పు మంటకు 94 మంది పసివారు బలియైన పిదప ఆ మాట నోట రాదు. రేకే వేయుదము. నేలచెక్కకు పురుగుమందు పట్టించియుండవచ్చును. తలుపుమీది లోహపు పలకపై ఆ వివరము చూచిన తరువాతనే బేరము.

అన్నిటికంటె ముఖ్యము తలుపు. గడియలు వెలుపలనే యుండును. రబ్బరు అంచు గాలి చొరనీయదు. దాగుడుమూతలాడు పిల్లవాడు లోపల నుండగా గడియ పడినచో ఏమగునో తల్లులకు చెప్పనక్కరలేదు. లోపలినుండి తెరచు తలుపు ప్రక్కగోడలో పెట్టించి, కోసినచోట ఇనుప చట్రము బిగించినగాని నేనీ తీర్మానమునకు చేయి ఎత్తను.