ఇసక మీద కట్టినవాళ్లు

లెక్కల మాస్టారి పేరిట జరిగే ఈ సభలో, కొత్తవి కనిపెట్టిన క్రైస్తవుల గురించి మాట్లాడమన్నారు. న్యూటన్, ఫారడే అంటూ పేర్లు చదివి దిగిపోవచ్చు. అలాంటి జాబితాలు అన్ని మతాలవాళ్ల దగ్గరా ఉన్నాయి. పెన్న ఒడ్డున నిలబడి ఆ పని చేయబుద్ధి కావడం లేదు.

మండువేసవిలో ఏట్లో చెలమ తీసినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. రెండు దోసిళ్లు తోడితే నాలుగు దోసిళ్ల ఇసక జారి పడుతుంది. మా అవ్వ అడుగు ఊడిన కుండ తెచ్చి చెలమలో నిలిపి, లోపలి ఇసక తోడేది. తోడేకొద్దీ కుండ దిగేది, గుంట నిలిచేది. ఒరబావి కిటుకూ ఇంతే.

సువార్తలో బుద్ధిలేనివాడొకడు ఇసక మీద ఇల్లు కట్టుకుంటాడు, వరదొచ్చి అది కూలిపోతుంది. బ్రిటిష్ ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ (1803–1899) గట్టి భక్తుడు, ఆ కథ తెలియనివాడు కాడు. అయినా బతుకంతా ఇసక మీదే కట్టాడు. మన పెద్ద ఏళ్లలో బండ తగిలేదాకా తవ్వాలంటే ఏ ఖజానా చాలదు. మరి ఆ ధైర్యం ఎక్కడిది? కావేరి మీద చోళులు కట్టిన కల్లణై నుంచి. అక్కడ ఇసకలో రాళ్లు వేశారు, కుంగాయి. మళ్లీ వేశారు, మళ్లీ కుంగాయి. కుంగడం ఆగేదాకా వేశారు. ఎంత లోతుందో తెలియని ఇసకలో పునాది నిలపడం ఆ పాతవాళ్ల దగ్గరే నేర్చుకున్నామని కాటన్ దాచుకోకుండా రాశాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది అక్కడే.

1847లో మొదలై 1852కి పూర్తయిన, గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్టలో ఆ పాఠమే పెద్దదైంది. ఇసకలో బావుల వరసలు దించి, మీద పొట్టిగోడ లేపి, దిగువన వాలుగా రాళ్లు పరిచారు. నీళ్లు అడుగు కోసేస్తే రాళ్లు ఆ గుంటలోకి దిగి సర్దుకుంటాయి. గోడ వరదతో తలపడదు, నెత్తిమీదుగా పోనిస్తుంది. ఆ పనిలో కాటన్ పక్కన నిలిచి కూలీలను నడిపిన వీణం వీరన్నను మనం ఇంకా తగినంతగా తలుచుకోలేదు.

ఒక పిట్టకథ. కాటన్ జీవితచరిత్రను 1900లో అచ్చువేసింది ఆయన కూతురు లేడీ హోప్. డార్విన్ చివరి రోజుల్లో బైబిలు చదువుతుండగా చూశానని 1915లో చెప్పిందీ ఆవిడే. డార్విన్ కూతురు అది అబద్ధమని కొట్టిపారేసింది. అయినా ఆ కథ నేటికీ తిరుగుతూనే ఉంది. నాన్న ఇసకలో రాయి నిలిపాడు గానీ, కూతురి కథకు అడుగున రాయే లేదు.

ఇక మన ఏరు. నెల్లూరు ఆనకట్ట 1855 నాటిది. పెన్న వరదలకు మొదట్లోనే దెబ్బతిని, మళ్లీ కట్టించుకుంది. మన సంగం ఆనకట్ట 1880ల్లో లేచింది. అక్కడే మేకపాటి గౌతమ్ రెడ్డి పేరుతో బ్యారేజీ 2022 సెప్టెంబరులో తెరుచుకుంది.

చివరగా జాన్ క్లౌ. 1866లో ఒంగోలు వచ్చిన ఈ బాప్టిస్టు మిషనరీ, అంతకుముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. అప్పట్లో ఒంగోలు మన నెల్లూరు జిల్లాలోదే. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు ఆయన తీసుకున్నాడు. తిండిలేక వచ్చినవాళ్లకు, ముఖ్యంగా మాదిగలకు, అక్కడ కూలి దొరికింది. ప్రార్థనతో కాదు, పాత గొలుసు కొలతల చదువుతో ఆ పని నడిపాడు. కూలీల్లో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని ఏడాదికి పైగా ఆపాడు. కరువు సాయం ఆగిపోయాక, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఇద్దరిద్దరు బోధకులు వంతులవారీగా దిగి, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. మొన్నటిదాకా కాలువగట్టున మట్టితట్టలు మోసిన మనుషులు ఆ రోజు ఏటి ఒడ్డున వరస కట్టారు, తట్టలు లేకుండా.