ఊరిలోని తెలివిని ఊరు గుర్తింపవలెను
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము ఏ గ్రామమునకు పోయినను సభ్యులు మాకు మొదట చూపునవి సిమెంటు రోడ్డు, మంచినీటి ట్యాంకు, వీధి దీపములు. అవి చూపదగినవే. కాని ఊరి బడిలో ఐదవ తరగతి చదువుచున్న పిల్లలలో లెక్కలయందు అందరికన్న చురుకైన బిడ్డ ఎవరని అడిగినచో, పంతులుగారు తప్ప చెప్పగలవారు అరుదు. ఎవరి ఇంటి ఆవు పూటకు ఎన్ని లీటర్లు ఇచ్చునో అందరికిని తెలిసిన ఊరిలో ఈ సంగతి తెలియకుండుట మాకు వింతగా తోచును. నేడు మనము మాటాడుకొనవలసినది ఆ బిడ్డను గురించియు, ఆ బిడ్డ తలిదండ్రులను గురించియు.

ఈ విషయమున మన సీమకు మంచి జ్ఞాపకములు కలవు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో జన్మించిన తిరుత్తణి, 1911 నుండి 1960 వరకు మన చిత్తూరు జిల్లాలోని ఊరే. వారిది కలిగిన కుటుంబము కాదు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. బాలుడు తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో చదివి, పిమ్మట వేలూరునకును మద్రాసునకును పోయెను. ఆ చదువు విద్యార్థి వేతనములపై నడచినది. కళాశాలలో తత్త్వశాస్త్రమునే ఏల ఎన్నుకొనిరి? ఆ చదువు ముగించిన బంధువు ఒకరు తన పుస్తకములను ఇచ్చివేసినందున! క్రొత్తవి కొనుటకు డబ్బు లేదు. అట్లు ఊరక వచ్చిన పుస్తకములతో మొదలైన విద్యయే వారిని లోకప్రసిద్ధులను చేసినది. 1962లో రాష్ట్రపతి పదవియు వారిని వరించినది. చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో 1880లో జన్మించిన రామలింగారెడ్డి గారు 1902లో భారత ప్రభుత్వ విద్యార్థి వేతనముపై కేంబ్రిడ్జికి పోయి చదివిరి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ప్రథమ ఉపాధ్యక్షులైరి. ఇరువురి తెలివియు వారి సొంతమే. కాని ఒకచోట వేతనము, ఒకచోట పాతపుస్తకములు వేళకు చేతికందినవి. మేము చెప్పదలచినది ఈ వేళకు అందుటను గురించియే.

నేడు పల్లె పిల్లలకు అవకాశముల కొదువ లేదు. కొదువ ఉన్నది వార్తకు, అంతకన్నను తేదీకి. నవోదయ విద్యాలయమునే తీసికొందము. 1986 జాతీయ విద్యావిధానమును అనుసరించి జిల్లాకొకటి చొప్పున ఈ పాఠశాలలు వెలసినవి. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఏర్పడినది మదనపల్లె దాపున వలసపల్లెలో కలదు. ఆరవ తరగతిలో చేరిన బిడ్డ పన్నెండవ తరగతి వరకు అచ్చటనే ఉండి చదువును. భోజనము, వసతి, పుస్తకములు ఉచితము. సీట్లలో నూటికి 75కు తక్కువ కాకుండ పల్లె పిల్లలకు, మూడవ వంతు బాలికలకు కేటాయింపబడినవి. ప్రవేశ పరీక్షను తెలుగులోనే వ్రాయవచ్చును. ఇంతవరకు చాలమందికి తెలియును. తెలియనిది మరియొకటి కలదు. ఐదవ తరగతి చదువునప్పుడు, ఒక బిడ్డ ఈ పరీక్షను ఒక్క పర్యాయమే వ్రాయవలెను. మరుసటి ఏడు చూచుకొందమనుటకు వీలు లేదు. తప్పిన వాన మరల కురియవచ్చును గాని ఈ తేదీ ఆ బిడ్డకు మరల రాదు.

ఒక ఊరిలో జరిగినదానిని చెప్పెదము. ఊరి పేరు చెప్పము. అచ్చట ఒక పిల్లవాడు ఎంతటి గుణకారమునైనను నోటితో చేయుచుండెను. పంతులుగారు దరఖాస్తు నింపించిరి. దానికి జతపరుపవలసిన ధ్రువపత్రముపై సంతకము రెండు దినములు ఆలస్యమైనది. సంతకము చేయవలసినవారు పెండ్లికి పోయిరి. ఎవరియందును దురుద్దేశము లేదు, అడిగినవారును లేరు. గడువు దాటిపోయినది. మేము ఆ ఊరికి పోయినప్పుడు ఆ తండ్రి మాతో ఫిర్యాదు చేయలేదు. 'మాకంత రాత లేదులే సార్' అని ఊరకుండెను. రాతకును ఆ సంతకమునకును సంబంధము లేదని చెప్పుటకు మాకు నోరు రాలేదు.

మరియొక ఊరిలో సంగతి వేరుగా నడచినది. అది టమాట పండించు పడమటి మండలములలోనిది. ఒక బాలిక, తండ్రి తెచ్చు మండీ చీటీలను చూచి, ఎన్ని పెట్టెలు, ఏమి ధర, కమీషను ఎంత కోసిరి అని లెక్కగట్టి, ఒకనాడు తప్పును పట్టుకొన్నది. తండ్రి మండీకి మరలిపోయి ఆ డబ్బు రాబట్టుకొని వచ్చెను. ఆ బాలిక నవోదయ పరీక్షలో నెగ్గినది. చిక్కు అటుపిమ్మట వచ్చినది. అవ్వ ఒప్పుకొనలేదు. 'ఆడబిడ్డను అంత దూరం ఇడిసిపెట్టి నా నోట్లోకి ముద్ద ఎట్ల పోతాది?' అని ఆమె మాట. పంతులుగారు చెప్పిరి, మామ చెప్పెను, ఫలితము లేదు. అప్పుడు ఆ వార్డు సభ్యురాలు ఒక పని చేసినది. 'అవ్వా, నువ్వు నాతో బస్సెక్కు, చూసొద్దాం' అని ఆమెను వెంటబెట్టుకొని పోయి పాఠశాల చూపినది. బాలికల వసతి గృహము ఎచ్చట, రాత్రి కాపలా ఎవరు, వంట ఎట్లు జరుగును, ఇంటివారు ఎప్పుడు వచ్చి చూడవచ్చును అని అవ్వయే అన్నియు అడిగి తెలిసికొన్నది. జూలైలో పాపను దిగవిడచుటకు అందరికన్న ముందు బయలుదేరినది అవ్వయే. దీనికైన వ్యయము రెండు బస్సు టిక్కెట్లు.

తెలివిగల బిడ్డను గుర్తించుట పంతులుగారి పని కావచ్చును. ఇంటివారి భయమును తీర్చుట మాత్రము ఊరిలోని పెద్ద చేయవలసిన పని. అవ్వ భయము అర్థము లేనిది కాదు. దానికి ఉపన్యాసము సమాధానము కాదు.

ఇక ఎనిమిదవ తరగతి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడు పాఠశాలలలో చదువు పేద విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వము 2008 నుండి జాతీయ ఉపకారవేతన పరీక్ష నడుపుచున్నది. నెగ్గినవారికి తొమ్మిది మొదలు పన్నెండవ తరగతి వరకు ఏటికి 12,000 రూపాయలు, అనగా నాలుగేండ్లలో 48,000 రూపాయలు ముట్టును. తలిదండ్రుల వార్షికాదాయము మూడున్నర లక్షలు మించరాదు. వేరుసెనగ పోయిన ఏట పిల్లవానిని చదువు మాన్పింపకుండుటకు ఈ పైకము చాలును. ఇందును మోసపోవు చోటు పరీక్ష కాదు, పరీక్ష తరువాతి కాగితములు. ఆధారు కార్డులో పేరు ఒక విధముగను, బడి రిజిస్టరులో మరియొక విధముగను, బ్యాంకు పుస్తకములో మూడవ విధముగను ఉండును. నెగ్గిన పిల్లవాడు డబ్బు అందక తిరుగుచుండును. ఏటేట పునరుద్ధరణకు దరఖాస్తు చేయవలెనని తెలియక రెండవ ఏట మానుకొనినవారిని మేము చూచితిమి. నెగ్గినాడు గదా, ఇక మంచి బడి అని బిడ్డను ప్రైవేటు పాఠశాలకు మార్చి వేతనము పోగొట్టుకొనువారును కలరు. ఏడవ తరగతిలోనే మూడు పేర్లను సరిచేయించు సభ్యుడు ఒక్కడున్నచో ఈ తిప్పలు చాలవరకు తప్పును.

పరీక్షలను గురించి ఇంత చెప్పితిమి గాని, పరీక్ష ఒక్కటియే తెలివికి కొలబద్ద యని మా అభిప్రాయము కాదు. చెడిపోయిన టార్చిలైటును విప్పి మరల వెలిగించువాడు, పురాణ కథను పొల్లుపోకుండ తిరిగి చెప్పు పిల్ల, కోలాటమున క్రొత్త అడుగు కనిపెట్టునది, వీరికి మార్కులు రాకపోవచ్చును. ఇట్టివారికి కావలసినది తమ పనిని పదిమంది ఎదుట చేసి చూపు సందర్భము. దీనికి దృష్టాంతము మదనపల్లె ప్రాంతముననే కలదు. జిడ్డు కృష్ణమూర్తి గారు 1895లో జన్మించిన పట్టణమది. వారి పేరుతో ముడిపడిన రిషి వ్యాలీ పాఠశాల అచ్చటికి చేరువలోనిది. ఆ సంస్థవారు చుట్టుప్రక్కల పల్లెలలో చిన్న బడులు పెట్టిరి. పద్మనాభరావు, రమ దంపతులు అందుకొక పద్ధతిని రూపొందించిరి. పాఠములను చిన్న చిన్న కార్డులుగా విభజించి నిచ్చెన మెట్లవలె అమర్చిరి. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు కూర్చుండి ఎవరి మెట్టు వారు ఎక్కుచుందురు. చురుకైనవాడు తక్కినవారికొరకు చేతులు కట్టుకొని కూర్చుండనక్కర లేదు. మెల్లగా నడచువానిని ఈడ్చుకొని పోనక్కర లేదు. ఈ పద్ధతి ఇతర రాష్ట్రములకును వ్యాపించినది.

ఆ బడులవారు జరుపు మెట్రిక్ మేళాను గురించి మీకు ప్రత్యేకముగా చెప్పవలెను. అది లెక్కల జాతర. పిల్లలు అంగళ్ళు పెట్టుదురు. ఊరివారి ఎత్తు కొలుతురు, బరువు తూతురు, వస్తువులమ్మి చిల్లర లెక్కచెప్పుదురు. చదువురాని తండ్రియు తన కూతురు తక్కెడ పట్టి లెక్క చెప్పుట కన్నులార చూచును. మార్కుల కాగితము అతనికి చెప్పలేని సంగతిని ఆ తక్కెడ చెప్పును. గంగజాతరకు చందాలెత్తి దినముల తరబడి వేడుక జరుపగల మన ఊళ్ళకు ఒక పూట లెక్కల జాతర భారము కాదు. ఆ పూట తలిదండ్రులు ఒకరితో ఒకరు మాటాడుకొందురు. ఎవరి బిడ్డ ఏ పరీక్షకు పోవుచున్నది, ఏ కాగితము కావలెను అను వార్త చెవినుండి చెవికి చేరును.

చూపదగిన స్థలములును మనకు దూరమున లేవు. తిరుపతిలో అలిపిరి చెంత ప్రాంతీయ విజ్ఞాన కేంద్రము 1993 నుండి ఉన్నది. కొండకు పోవు కుటుంబములు దాని ముందుగనే పోవుచున్నను లోనికి అడుగిడువారు తక్కువ. తిరుపతి-చిత్తూరు మార్గమున గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనాలయము ఉన్నది. అచ్చటి పెద్ద రాడారు మన నెత్తిపై అనేక కిలోమీటర్ల ఎత్తున వీచు గాలిని కొలుచును. ప్రతి ఏట ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవము. ఆ దినములలో ఇట్టి సంస్థలు విద్యార్థులను రానిచ్చునేమో ప్రధానోపాధ్యాయులు ముందుగా లేఖ వ్రాసి కనుగొనవచ్చును.

ఇక శ్రీహరికోట. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేటతోపాటు అదియు ఈ జిల్లాలో చేరినది. 2023 జూలై 14న చంద్రయాన్-3 లేచినది అచ్చటినుండియే. ప్రయోగములను ప్రజలు చూచుటకు 2019లో అచ్చట గ్యాలరీ నిర్మించిరి. ముందుగా పేరు నమోదు చేసికొనవలెను. అదే ఏట ఇస్రోవారు తొమ్మిదవ తరగతి పిల్లలకొరకు యువికా అను వేసవి శిక్షణ ప్రారంభించిరి. ఎంపికలో పంచాయతీ ప్రాంతములోని బడులలో చదువువారికి ప్రత్యేకముగా అదనపు విలువ ఇచ్చుచున్నారు. ఎంపికైన బిడ్డ ప్రయాణము, వసతి వ్యయము సంస్థయే భరించును. పంచాయతీ పేరు పిల్లవానికి ఇంత సూటిగా మేలు చేయు సందర్భము మరియొకటి మాకు కనబడలేదు. ఐనను దానికి దరఖాస్తు పంపిన బడి మీ మండలమున ఒకటైనను ఉన్నదేమో విచారింపుడు.

ఆరవ తరగతి మొదలు పిల్లల క్రొత్త ఆలోచనలకు ఇన్‌స్పైర్ పథకము క్రింద 10,000 రూపాయలు లభించును, నమూనా తయారుచేసికొనుటకు. ఆలోచనను పంపవలసినది బడియే. మామిడికాయ కోతలోను, పట్టుపురుగుల చంద్రికలవద్దను, పాలకేంద్రము వరుసలోను నిలబడు పిల్లలకు ఆలోచనలు రాకుండునా? అడుగువారు కావలెను.

ఒక హెచ్చరిక. ఒక బిడ్డ నెగ్గగానే ఫ్లెక్సీ కట్టి ఊరేగించి, తక్కినవారిని చేతగానివారిగా చూచు అలవాటు వ్యాపించుచున్నది. ఐదవ తరగతి పిల్లలను తెల్లవారుజామున లేపి కోచింగులకు పంపి, పొలము కుదువబెట్టి ఫీజు కట్టువారును కలరు. పాత ప్రశ్నపత్రములు రెండు మూడు ఏండ్లవి, సాయంత్రము ఒక గంట పంతులుగారి సహాయము, దీపము గల ఒక గది. పంచాయతీ ఇంతమాత్రము సమకూర్చిన చాలును. గ్రంథాలయమును మరువరాదు. ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మీరే వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపుచున్నారు. ఆ సొమ్ముకు బదులు మీ ఊరి పిల్లలకు ఏ పుస్తకములు అందినవని అడుగు హక్కు మీకు కలదు.

ఇది మా పని కాదని ఎవరైనను అనవచ్చును. రాజ్యాంగము 11వ షెడ్యూలులో 17వ అంశము విద్య, 20వది గ్రంథాలయములు, 21వది సాంస్కృతిక కార్యక్రమములు. ఇవి పంచాయతీలకు అప్పగింపదగిన అంశములుగా పేర్కొనబడినవే. అయితే మేము కోరునది పెద్ద తీర్మానము కాదు. పంచాయతీ కార్యాలయపు గోడమీద ఒక నల్లబల్ల పెట్టించి, పంతులుగారితో మాటాడి, ఐదవ తరగతి, ఎనిమిదవ తరగతి, తొమ్మిదవ తరగతి పిల్లల పేర్లు ఒక పుస్తకములో వ్రాసికొనుడు. ప్రతి పేరునకు ఎదురుగా ఆ ఇంటికి పోవు బాధ్యత ఏ సభ్యునిదో వ్రాయుడు. నల్లబల్లపై మొదటి పంక్తిలో నవోదయ దరఖాస్తు చివరి తేదీ ఉండవలెను. దాని క్రింద, ధ్రువపత్రముపై సంతకము చేయువారు ఆ వారమున ఊరిలో ఉందురో లేదో కనుగొనవలసిన సభ్యుని పేరు.