ఎరుగని నీరు



ఈ ఉదయము కార్తికస్నానమునకై రాజమహేంద్రవరమున గోదావరి రేవునకు పోయితిని. పదునైదేండ్ల పిల్లలు గట్టుమీది రాతిగోడ నెక్కి నీటిలోనికి దుముకుచున్నారు. స్నానమునకు వచ్చిన పెద్దలు కొందరు కోపగించిరి. (వారును చిన్ననాడు దుమికినవారే కావచ్చును.) నాకు భయము కలిగినది.

గోడ చివర, ఎవ్వరును దూకనిచోట నిలిచిన పిల్లవాని నాపితిని. "తాతగారండీ, కృష్ణుడు దూకలేదాండీ?" అనెను.

దూకినాడు. భాగవత దశమస్కంధమున కాళియమర్దన ఘట్టము కలదు. యమునలోని విషజలము త్రాగి గోవులును, గోపబాలురును పడిపోయిరి. అందుచేత స్వామి కడిమిచెట్టెక్కి, నడుము బిగించి, మడుగున దుమికెను. అందేమున్నదో ఎరిగియే దుమికెను. బృందావనమున కాళియఘట్టమును నేటికిని చూపుదురు; యమున మాత్రము అచ్చటినుండి తొలగిపోయినది. నది యొకచోట నిలుచునది కాదు గదా!

మనుస్మృతి నాలుగవ అధ్యాయము, ఎరుగని జలాశయమున స్నానము చేయరాదని నిషేధించినది. పాఠశాలలో దీనిని వల్లించునపుడు, గోదావరి మన మెరుగనిదా యని నవ్వుకొంటిమి. ఆ వేసవియంతయు నిట్టి గోడపైనుండియే దుమికితిమి. వరద వచ్చి తీసినది. కార్తికమున మరల పోయితిమి. నా సహాధ్యాయి గోడపై నిలిచి, "లోతున్నదా?" అని యడిగెను. దిగి చూడకయే, "ఉన్నదిరా, దూకు" అంటిని.

ఇరువది అడుగుల ఎత్తునుండి పడు దేహము, ఒక సెకను దాటిన మాత్రమున గంటకు దాదాపు 40 కిలోమీటర్ల వేగము నందుకొనును. మొలలోతు నీటి క్రింద వరద వేసిన క్రొత్త ఇసుకమేట యున్నది. అతని మెడ విరిగెను. తొందరలో కాలుసేతులు పట్టి ఈడ్చితిమి, అదియు తప్పే. తల, మెడ, వీపు ఒకే వరుసలో నుంచి, మెడ కదలనీయక పలకపై ఎత్తవలెనని తరువాత తెలిసినది.

ఆరేండ్లు మంచముపైనే యుండెను. చేతులాడవు, కంఠము మిగిలినది. నేను ప్రక్కన కూర్చుండి పనస చెప్పుచుండ, స్వరము తప్పినచోట దిద్దెడివాడు. నన్నొకనాడును నిందింపలేదు.

"నాయనా, ముందు మెట్లమీదుగా దిగి కాలితో అడుగు చూడు" అని ఆ పిల్లవానితో నంటిని. నవ్వుచునే దిగినాడు. గోడ క్రిందికి నడచిపోయి నిలిచి, నావైపు చూచినాడు. నీరు వాని రొమ్ము దాటలేదు.